అన్నదమ్ములెందరని అడిగాను

ముప్పై ఏళ్లు ఆర్మూర్‌లోని ఒక ప్రైవేటు దవాఖానలో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. చివరి పదిహేనేళ్లు కడుపులోకి గొట్టం వేసి చూసే గదికి ఇన్‌ఛార్జిని. వీడ్కోలు రోజు శాలువా కప్పి, గోడగడియారం ఇచ్చి, నా అనుభవం దవాఖానకు ఆస్తి అన్నారు. గడియారం మూడో రోజే ఆగిపోయింది. అనుభవం మాత్రం ఎవరూ అడగకపోయినా ఇంకా నడుస్తూనే ఉంది.

ఈ మధ్య కొత్తగా చేరిన నర్సు పిల్లలు వచ్చి, "మేడమ్, మీ సర్వీసులో మరచిపోలేని విజయం ఏదైనా రాసివ్వండి" అన్నారు. విజయాలు రాసేవాళ్లకు మన వృత్తిలో కొదవ లేదు. నేను తప్పు రాస్తాను, దాంతో మీకు ఎక్కువ పని పడుతుంది. ముగ్గురు తమ్ముళ్లను కాపాడి, వాళ్లను చంకనెత్తుకుని పెంచిన అక్కను లెక్కలోంచి వదిలేసిన సంగతి ఇది. లెక్క రాసిన పెన్ను నాదే.

రెండు వేల సంవత్సరం దాటిన తర్వాత మొదటి ఐదారేళ్లలో జరిగింది. అప్పటికి మా ఊళ్లో సెల్‌ఫోన్ చేతిలో ఉన్నవాడు దాన్ని చొక్కా జేబులో సగం బయటికి కనిపించేలా పెట్టుకునేవాడు. అలాంటి రోజుల్లో మా పెద్ద డాక్టరుగారు ఎక్కడో వాడేసిన కొలనోస్కోపీ మిషను కొని తెచ్చారు. దానికి తోడుగా వారానికి ఒకసారి వచ్చే కడుపు డాక్టరును కూడా మాట్లాడారు. ఆయన కుర్రవాడు, నిజామాబాద్ నుంచి వచ్చేవాడు, నెమ్మదస్తుడు. మిషనుకు కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి, మూడు వారాలు ఎదురు చూశాం. ఎవరూ రాలేదు. ఆర్మూర్ మనిషి అప్పు అడగడానికైనా సిగ్గుపడడు గాని, వెనకనుంచి గొట్టం వేయించుకోమంటే ఊరు విడిచి పోతాడు.

ఆ పరీక్ష గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెబుతాను. చూపుడు వేలంత లావు గొట్టం, దాని కొసన దీపం, కన్ను. పెద్దపేగు మొత్తం లోపలినుంచి టీవీలో కనిపిస్తుంది. పేగు గోడకు కొందరికి బుడిపెలు మొలుస్తాయి, వాటిని పాలిప్స్ అంటారు. నొప్పి ఉండదు, తెలియను కూడా తెలియదు. కొన్ని అలాగే ఉండిపోతాయి, కొన్ని ఏళ్లకేళ్లు తీసుకుని మెల్లగా కేన్సరు అవుతాయి. ఆ ఏళ్లలో ఎప్పుడు చూసినా తీగ ఉచ్చు వేసి అక్కడికక్కడే తీసేయొచ్చు, తీసేసిన బుడిపె ఇక కేన్సరు కాలేదు. వచ్చిన జబ్బును కనిపెట్టే పరీక్షలు చాలా ఉన్నాయి. రాబోయేదాన్ని దారిలోనే ఆపే పరీక్షలు తక్కువ. అయితే దీనికీ కళ్లున్నంత మేరే చూపు. పేగు శుభ్రంగా లేకపోయినా, డాక్టరు తొందరపడినా, బుడిపె మడత వెనక దాక్కుంటుంది. "లోపలికి పోవుడు గొప్ప కాదు సిస్టర్, తిరిగి వచ్చేటప్పుడు ఆగి ఆగి చూసుడు గొప్ప" అనేవాడు మా డాక్టరు. ఆయన ఆగి ఆగి చూస్తుంటే, గొట్టాలు కడిగే మా థియేటర్ అసిస్టెంటు గోడమీద గడియారం చూసి నిట్టూర్చేవాడు. ఆయనది పోచంపాడ్, చివరి బస్సు చింత ఆయనకెప్పుడూ ఉండేది.

మొదటి పేషెంట్లలో ఒకాయన అంకాపూర్ దారిలోని ఒక పల్లెనుంచి వచ్చాడు. పసుపు రైతు, నలభై ఐదేళ్లు. ఏడాదిగా రక్తం పోతుంటే మూలశంక అనుకుని పసరు మందులు తాగాడు. గొట్టం వేస్తే సగం దూరంలోనే దారి మూసుకుపోయి ఉంది. ఎనిమిది నెలల్లో పోయాడు.

ఆ గొట్టం వేసిన రోజే డాక్టరు నన్ను పిలిచి, "ఈయన తోడబుట్టినవాళ్లందరికీ పరీక్ష కావాలి, ఇది కుటుంబాల్లో నడిచే జబ్బు, పేర్లు రాసుకోండి" అన్నాడు. ఆయన సరిగానే చెప్పాడు. తోడబుట్టినవాళ్లందరికీ అన్నాడు. నేను ఫారం తీసుకుని బయటికి వచ్చి, బెంచీమీద కూర్చున్న తమ్ముళ్లలో నడిపాయనను అడిగాను.

"అన్నదమ్ములు ఎందరు మీరు?"

"నలుగురం మేడమ్. లోపలున్నాయన్ని ఇడిస్తే ముగ్గురం."

ముగ్గురి పేర్లు రాశాను. కింద గీత గీశాను. నాది చక్కటి దస్తూరి అని అప్పట్లో పేరు. అంతసేపూ వాళ్ల అక్క నా భుజానికి ఆనుకున్నంత దగ్గరగా నిలబడి ఉంది. చేతిలో టిఫిన్ క్యారియరు, చంకలో లోపల ఉన్న తమ్ముడి చొక్కా. అందరికన్నా పెద్దది, వేల్పూర్‌కు ఇచ్చారు, తల్లి పోతే ఈ నలుగురినీ పెంచింది ఆమేనని అప్పటికే నాకు చెప్పింది కూడా. ఆమె నా పెన్నువైపు చూసింది. నేను ఆమెను పక్కకు జరగమన్నాను, వెలుతురుకు అడ్డం ఉందని.

ఆడదానివై ఉండి ఎలా మరిచావని అడుగుతారు. బాగా ఆనవాయితీగా మరిచాను. మేం నలుగురం అక్కాచెల్లెళ్లం. మా నాన్నను ఎవరైనా పిల్లలెందరని అడిగితే, "పిల్లలు లేరు, ఆడపిల్లలే" అనేవాడు. చర్చిలో పాస్టరుగారు అడిగినా అదే జవాబు. అది విని పెరిగినదాన్ని. పోనీ నా ఫారం కూడా ఆ పాఠమే చదువుకుంది, దాంట్లో 'సోదరులు' అని ఒకే గడి ఉండేది. డాక్టరు ఆ కాగితం మీద సంతకం పెట్టాడు. చదివాడా అంటే, సంతకం అయితే పెట్టాడు.

అన్న పోయిన నెలకు ముగ్గురు తమ్ముళ్లూ వచ్చారు. రావడం అనకూడదు, అక్క తోలుకొచ్చింది. పరీక్షకు ముందు పేగు కడుక్కోవడానికి పొడి కలిపిన నీళ్లు ఒక్కొక్కరు రెండు లీటర్లు తాగాలి. తాగినకొద్దీ పరుగెత్తాలి. ముగ్గురికీ ఒకే ఇల్లు, ఇంటికి ఒకే పాయిఖానా. నేను చెబుతుంటే ముగ్గురూ మగతనానికి తగ్గట్టు కిటికీలోంచి బయటికి చూశారు. అక్క ఒక్కతే విన్నది.

"సిస్టరమ్మా, ఎన్ని చెంబులు, ఎంతసేపటికొకటి? జర మల్ల చెప్పు. నాకు సదువు రాదు, నోటికి పట్టుకుంట."

మూడుసార్లు చెప్పాను, మూడుసార్లూ తిరిగి అప్పజెప్పింది. పరీక్ష రోజు తెల్లవారుజామున వాకిట్లో చెంబు పట్టుకుని నిలబడి తాగించిందట. పెద్దాయన ఒక చెంబు పసుపు చెట్ల పాదుల్లో పారబోస్తుంటే చూసి, "అన్న పోయిండని ఏడ్చుడు గాదురా, ముందు గీ నీళ్లు తాగు" అని రెండు చెంబులు అదనంగా పట్టించిందట. ఈ సంగతి చిన్నాయన మాకు చెప్పి నవ్వాడు.

ఆ రోజు మా డాక్టరు టీవీ చూస్తూ మురిసిపోయాడు. "ఇంత శుభ్రమైన పేగులు నేను ట్రైనింగులో కూడా చూడలేదు" అని తమ్ముళ్లను మెచ్చుకున్నాడు. వాళ్లు కూడా తమ పేగుల గొప్పతనం తమదే అన్నట్టు తలూపారు. పెద్దాయనకు ఏమీ లేదు. చిన్నాయనకు ఒక చిన్న బుడిపె. నడిపాయనకు రెండు, వాటిలో ఒకటి వేరుశనగ గింజంత ఉంది, ల్యాబుకు పంపితే చెడిపోవడం మొదలుపెట్టిందని రిపోర్టు వచ్చింది. అప్పటికే తీసేశాం కాబట్టి కథ అక్కడితో అయిపోయింది. మూడేళ్లకు మళ్లీ రమ్మన్నాం.

నడిపాయన మార్కెట్ యార్డులో దలాలీ చేసేవాడు. తన బుడిపె ఫోటోను లామినేషను చేయించుకుని జేబులో పెట్టుకు తిరిగాడు. పసుపు కుప్పల మధ్య నిలబడి రైతులకు చూపిస్తూ, "ఇది ఉంచుకుంటే నేను గూడ మా అన్న లెక్కనే పోతుంటి. డాక్టర్‌ది కాదు, మిషన్‌ది గొప్ప" అని ప్రచారం చేశాడు. బేరం కుదరకపోతే ఫోటో తీస్తున్నాడని ఫిర్యాదులు కూడా వచ్చాయట. ఏమైతేనేం, మా మిషనుకు జనం మొదలైంది. పెద్ద డాక్టరుగారు మమ్మల్ని అభినందించారు. నా దస్తూరి ఫారం ఫైల్లో భద్రంగా ఉంది.

సంతోషంగా ఉన్నామని వాళ్లు అంకాపూర్ నాటుకోడి కూర తెప్పించి దవాఖానకు పంపారు. క్యారియరు మోసుకుని మేడమెట్లు ఎక్కి వచ్చింది అక్క. పైకి వచ్చేసరికి రొప్పుతోంది.

"ఆయాసమేంది అక్కా?"

"వయసు సిస్టరమ్మా. యాభై దగ్గరవడ్డయి. కాళ్లు గుంజుతున్నయి."

నర్సులు ఏం చేస్తారు? రక్తం ఉందో లేదో అరచేతులు తిప్పి చూస్తారు. తిప్పి చూశాను. పచ్చగా ఉన్నాయి. ఆమె సీజనంతా పసుపు కొమ్ములు ఏరే పనికి పోతుంది. ఆ నాలుగు నెలలు మా ఊళ్లో సగం మందికి కామెర్లు వచ్చినట్టే కనిపిస్తారు. బయటినుంచి కొత్తగా వచ్చిన డాక్టర్లు మొదటి సీజనులో ప్రతివాడికీ కామెర్ల పరీక్ష రాసి నవ్వులపాలవుతారు. నేను పాతకాపును కదా, "పసుపే" అనుకున్నాను. పసుపు కింద ఏముందో చూడాలని నాకు తోచలేదు. నెలకు సరిపడా ఐరన్ గోలీలు ఇచ్చి, వయసు అలాంటిదని ధైర్యం చెప్పి, కూర వేడిగా ఉండగానే తిన్నాను. చాలా బాగుంది.

మూడేళ్లు గడిచాయి. నడిపాయన మళ్లీ పరీక్షకు వచ్చాడు, ఈసారి ఇస్త్రీ చొక్కాతో, పాత కస్టమరు హోదాలో. వెంట అక్క. లోపల పరీక్ష నడుస్తోంది, పేగు మళ్లీ అద్దంలా ఉంది, డాక్టరు మళ్లీ మెచ్చుకుంటున్నాడు. అసిస్టెంటు తలుపు తోసుకుని వచ్చాడు.

"సిస్టర్, గా అక్క బెంచీమీద ఒరిగిపోయింది. జర రాండ్రి."

పోయి చూస్తే కళ్లు తెరిచే ఉన్నాయి, మాట సన్నగా వస్తోంది. "ఏం లేదు సిస్టరమ్మా, పొద్దుగాల నుంచి ఏం తినలే, తమ్ముడు తింటలేడు గదా అని" అంది. రక్తం తీద్దామని స్పిరిటు దూదితో మోచేయి, ముంజేయి, అలవాటు కొద్దీ అరచేయి కూడా తుడిచాను. దూది పచ్చగా అయింది. తుడిచిన చోట చర్మం సున్నం కొట్టిన గోడలా ఉంది. అప్పుడు కనురెప్ప కిందికి లాగి చూశాను. ఎరుపు అన్నదే లేదు. ఆరేళ్ల పిల్లకు కూడా నేర్పగలిగిన పరీక్ష అది. మూడేళ్లుగా ఆమె నా ముందునుంచి ఎన్నిసార్లు నడిచిపోయిందో లెక్కపెట్టడానికి నాకు ధైర్యం లేదు.

డాక్టరు చేతి తొడుగులు తీస్తూ బయటికి వచ్చాడు. "ఎవరీమె?"

"వీళ్ల అక్క సార్."

"సొంత అక్కనా?"

"సొంత అక్కనే."

"మరి లిస్టులో?"

ఆయన ఫైలు అడిగి తెప్పించుకున్నాడు. ముగ్గురి పేర్లు, కింద గీత, పక్కన తన సంతకం. ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, నన్ను ఒక్క మాట అనకుండా ఫైలు మూసి నా చేతికిచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఇద్దరం చదువుకున్నవాళ్లం, ఇద్దరం సమానంగా ప్రకాశించాం.

రెండు సీసాల రక్తం ఎక్కించి, నాలుగు రోజులాగి ఆమెకు గొట్టం వేశాం. ముందురోజు ఆమె ముందు చెంబు పట్టుకుని నిలబడడానికి ఎవరూ రాలేదు. తనే కలుపుకుంది, తనే తాగింది, చుక్క మిగల్చలేదు. పేగు కుడివైపు మొదట్లో గడ్డ ఉంది. అక్కడ గడ్డ ఉంటే రక్తం ఎర్రగా బయటికి కనిపించదు, అది రోజూ కొంచెం కొంచెం మింగేస్తూ ఉంటుంది. మనం దానికి వయసని పేరు పెట్టి గోలీలు ఇస్తాం.

బయట వరండాలో పంచాయితీ మొదలైంది. పెద్ద తమ్ముడు నిజంగానే అర్థంకాక అడిగాడు.

"మా రోగం అక్కకెట్లొస్తది మేడమ్? ఆమె పరాయింటికి పోయింది గదా. ఇంటిపేరే మారె."

పెళ్లి పందిట్లో ఆడపిల్ల ఇంటిపేరుతోపాటు పేగులు కూడా మార్చుకుంటుందన్న సంగతి నాకు నర్సింగు స్కూల్లో చెప్పలేదు. అన్నాను కూడా. ఆయనకు నవ్వు రాలేదు, నాకూ రాలేదు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

సరే, ఈసారైనా బుద్ధి తెచ్చుకుందామని అక్క భర్తను పక్కకు పిలిచి, పిల్లలెందరని అడిగాను. ఒక కొడుకు, ఒక బిడ్డ. "ఇద్దరికీ పరీక్ష చేయాలె" అన్నాను. కొడుకు పక్కనే ఉన్నాడు, డిగ్రీ చదివినవాడు.

"అది మా అమ్మ పుట్టింటి రోగం సిస్టర్. మేం నాయిన వంశం. మాకెందుకొస్తది?"

ఆ తెలివిని ఒకసారి కూడి చూశాను. వేరే ఇంటికి పోయింది కాబట్టి ఆమెకు రాదు. ఆమె వేరే ఇంటినుంచి వచ్చింది కాబట్టి పిల్లలకు రాదు. రెండు వంశాలూ కలిసి జబ్బును ఎటూ పోనీయకుండా కట్టేశాయి, మధ్యలో ఆమె ఒక్కతే మిగిలింది. మా అసిస్టెంటు గొట్టం కడుగుతూ, "ఈళ్లను అనుడెందుకు సిస్టర్, మన కాగితంల గూడ అక్కచెల్లెండ్లకు గడి లేదు గద" అన్నాడు. నిజమే. అదే రోజు స్కేలు పెట్టి గడి గీశాను. మూడేళ్లు ఆలస్యంగా గీసినా గీత తిన్నగానే వచ్చింది.

హైదరాబాద్‌కు ఆపరేషనుకు పంపే ముందు ఆమె మంచం పక్కన కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక దుప్పటి సర్దాను, సెలైన్ చూశాను, మళ్లీ దుప్పటి సర్దాను.

"అక్కా, ఆ రోజు నీ తమ్ముళ్ల పేర్లు రాసేటప్పుడు నిన్ను అడగలే. తప్పు నాదే."

ఆమె నా చేయి పట్టుకుంది. "నువ్వడిగినా నేను రాకపోదును సిస్టరమ్మా. నాకేమైతది అంటుంటి." మళ్లీ తనే అంది, "గని జర అడిగితే మంచిగుంటుండె."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఇన్నేళ్ల తర్వాత నేను ఇది రాసేదాన్ని కాదేమో.

ఆపరేషను బాగానే జరిగింది. అయితే అప్పటికే గడ్డ పేగు దాటింది. తర్వాత ఆమె రెండు పసుపు పంటలు చూసింది. మూడోది చూడలేదు.

ఆపరేషనైన ఏడాదికి ఒక వారం, డాక్టరు వచ్చే రోజున, తల్లీబిడ్డలు ఇద్దరూ వచ్చారు. బిడ్డకు ముప్పై ఐదు దాటాయి, పోచంపాడ్‌లో ఇచ్చారు, భర్త చేపలు పడతాడు. అత్తగారింట్లో చెప్పకుండా వచ్చానంది. కొడుకు రాలేదు, ఆయన ఇంకా నాయిన వంశంలోనే ఉన్నాడు. అక్క సగమై పోయింది. మెడలో కండువా చుట్టుకుని, గోడ పట్టుకుని నడుస్తోంది. అయినా బిడ్డకు నీళ్లు తాగించింది తనేనట, మంచంలో కూర్చుని చెంబులు లెక్కపెడుతూ.

"'నాకేం లేదమ్మా, మంచిగనే ఉన్న' అంటది సిస్టరమ్మా. నేను గూడ గట్లనే ఉంటి అని చెప్పి తీసుకొచ్చిన."

డాక్టరు ఆ రోజు ఎంత నెమ్మదిగా చూశాడంటే, అసిస్టెంటు చివరి బస్సు ఆశ వదులుకున్నాడు, ఒక్క నిట్టూర్పు కూడా విడవలేదు. పేగు కుడివైపు మొదట్లో, మడత వెనక, ఒక బుడిపె కనిపించింది. చూసీ చూడనట్టు పోతే దొరికేది కాదు. ఉచ్చు వేసి తీశాం. అరనిమిషం పని.

తల్లి బయట బెంచీమీద ఉంది. నేను వెళ్లి, "దొరికింది అక్కా, తీసేసినం, బిడ్డకు ఇగ ఫికర్ లేదు, చెప్పిన టయిముకు వచ్చి చూపించుకుంటే చాలు" అన్నాను. ఆమె రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత కొంగుతో తుడుచుకుని అడిగింది.

"ఎంతుండె?"

ల్యాబుకు పంపే సీసా తెచ్చి చూపించాను. అడుగున, పెసరగింజంత. ఆమె సీసా తీసుకుని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. చాలాసేపు చూసింది. ఈసారి నేను ఆమెను పక్కకు జరగమనలేదు.

"నాది గూడ ఎప్పుడో ఒకనాడు గింతనే ఉండె గదా సిస్టరమ్మా?"

"ఉండె అక్కా" అన్నాను.